ముందు చక్రానికి ఆముదం

మల్లమ్మత్త పెద్దకర్మకు మానుకోట వెళ్లాను. రైలు స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మా ఇంట్లో ఏనాడూ ఎవరూ ఆ ఊరిని అంత పెద్ద పేరుతో పిలవలేదు. అత్త అంటే మా బాపుకు సొంత అక్క. మంచం పట్టకుండా, ఎవరిచేతా నీళ్లు తాగించుకోకుండా, ఒక పొద్దున తల దువ్వుకుంటూ దువ్వుకుంటూ పోయింది. పంక్తిలో కూర్చున్నవాళ్లంతా పుణ్యాత్మురాలు అన్నారు. నిజమే గానీ, ఆమె చేసిన పుణ్యం వల్ల నేను ఒకసారి చావు అంచుదాకా పోయి వచ్చాను. ఇప్పుడు బతికి ఉన్నవాళ్లలో ఆ సంగతి నాకూ, ఆమె కొడుకు రాజేశం బావకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. భోజనాలు అయ్యాక బావ నాకు కళ్లతోనే సైగ చేసి, "రా, నీ గుర్రం ఇంకా పానంతోనే ఉన్నది" అని పెరట్లోకి నడిచాడు.

రేకుల షెడ్డులో, చిరిగిన టార్పాలిన్ కింద, నా మూడు చక్రాల మోటర్‌సైకిల్ ఉంది. సీటు మీద గడ్డి పరిచి కోడిని పొదగేసినట్టున్నారు, రెక్కల ఈకలు అలాగే ఉన్నాయి. "పాత సామాన్లోడు ఎన్నిసార్లు అడిగిండో. అవ్వ ఇయ్యనిస్తదా? కోళ్లకన్న అక్కెరకొస్తది ఉండనియ్యిరా అన్నది" అన్నాడు బావ, వాళ్లమ్మను తలుచుకుని. ఆయనకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, ఇద్దరం కర్రలతో నిలబడ్డాం. నేను చెయ్యి చాచి ముందు బ్రేకు పిడి పట్టుకుని నొక్కాను. తీగ తుప్పుపట్టి బిగుసుకుపోయింది, పిడి కదల్లేదు. అయినా వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత, కోళ్ల గంప అయిపోయిన ఒక పాత ఇనుము ముందు నిలబడి నాకు భయమేసింది. ఆ భయం ఎక్కడిదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

నాకు ఊహ తెలియకముందే జ్వరం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. తొడ నుంచి మడమ దాకా ఇనుప కడ్డీల కాలిపర్ తొడిగి, మోకాలి దగ్గర కొక్కెం వేస్తే ఆ కాలు కర్రలా నిలబడుతుంది, కొక్కెం తీస్తే కూర్చోనిస్తుంది. జనగామలో మా బాపుకు ఎరువుల దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం కాబట్టి మా ఇంట్లో అన్నానికి కూడా ఎంతో కొంత మందుల వాసన ఉండేది. తెల్లవారగానే బాపు చేసే మొదటి పని దుకాణం తలుపులు తీయడం కాదు. అరుగు మీద కూర్చుని, నా కాలిపర్ ఒళ్లో పెట్టుకుని, ప్రతి తోలు పట్టీ లాగి చూసి, మరలు బిగించి, తడిగుడ్డతో తుడిచి, అప్పుడు నన్ను పిలిచేవాడు. ఆ తర్వాతే సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తాగేవాడు. బడికైనా కాలేజీకైనా, పెండ్లికైనా చావుకైనా ఆయన సైకిల్ వెనక సీటు మీదే వెళ్లాను. ఎంత మంచి తండ్రి అని ఊరంతా అనేది. మంచి తండ్రే, అందులో సందేహం లేదు. కానీ ఆ సీటు మీద కూర్చున్నన్నాళ్లూ నాకు లోకంలో కనిపించింది ఆయన వీపు ఒక్కటే. అమ్మతో పోట్లాడి అలిగి బయటికి పోదామన్నా, పోవడానికి మళ్లీ బాపే సైకిల్ తీయాలి.

అలాంటి నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. వేసిన బడి భూపాలపల్లి అవతల, మహదేవపూర్ దారిలో ఒక అడవి పల్లె. ఆ కాగితం వచ్చిన రోజు అమ్మ జొన్నరొట్టెను పెనం మీదే మాడ్చింది. బాపు ఆ రోజు చాయ్ ఊదుకోలేదు, చల్లారిపోయేదాకా సాసర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. "ఒద్దు బిడ్డా. బస్సు మెట్టు ఎక్కరాదు నీకు. గా అడవిల ఒక్కదానివి ఎట్ల తిరుగుతవు?" అన్నాడు. బస్సు మొదటి మెట్టు నా కాలికి అందదన్నది నిజమే. భూపాలపల్లిలో గది తీసుకుని వండుకు తినగలను, పిల్లలకు ఎక్కాలు చెప్పగలను, కానీ ఆ గదికీ ఆ బడికీ నడుమ ఉన్న దారిని దాటలేను. నా ఉద్యోగమంతా ఆ దారి మీద ఆధారపడి ఉంది. అప్పుడు, ఎవరూ పిలవకుండానే, రాజేశం బావ రంగంలోకి దిగాడు.

బావకు మానుకోటలో ఇంటి పెరట్లోనే వెల్డింగ్ షెడ్డు. చేతిలో పని ఉంది, దానికి రెట్టింపు నోరు ఉంది. విమానం రెక్క విరిగినా అతుకుతానని షెడ్డుకు వచ్చిన ప్రతి రైతుతోనూ చెప్పేవాడు. "మోటరు మీద పోతవు మరదలా. టీచరమ్మ వస్తున్నదంటె అడవిల పులులు సుత పక్కకు జరగాలె" అన్నాడు. ఎక్కడినుంచో పాత పెద్ద మోటర్‌సైకిల్ తెచ్చాడు, దడదడమని వాడంతా లేపే రకం. దానికి గేర్లు కుడికాలి వైపు, వెనక బ్రేకు ఎడమకాలి వైపు. నా కుడికాలు గేర్లు మార్చగలదు, ఎడమకాలు ఏమీ చేయలేదు. అందుకని బండి వెనక సగం కోసేసి, తుక్కులో దొరికిన ఆటో ఇరుసును, రెండు చక్రాలను అతికించి, వెనక బ్రేకును నా ఎడమ తొడ పక్కకు ఒక ఇనుప పిడిగా తెచ్చాడు. ముందు భాగాన్ని మాత్రం ముట్టుకోలేదు. "ముందటిది కంపెనీ మాల్, దాన్ని ముట్టొద్దు" అన్నాడు పెద్ద తెలిసినవాడిలా. రెండు చక్రాల బండి మలుపులో పక్కకు వంగుతుంది. మూడు చక్రాలది వంగదు, ఆ విసురంతా ముందు చక్రాన్ని పట్టుకున్న రెండు ఫోర్కు గొట్టాల మీద పడుతుంది. ఈ ముక్క నాకు అప్పుడు తెలియదు, బావ ఆలోచించలేదు.

ఆ బండి మీద నేను భూపాలపల్లిలో బతుకు మొదలుపెట్టాను. ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. హ్యాండిలు తిప్పడానికి భుజాలు పడిపోయేవి, గుంత వస్తే ముందు చక్రం ధన్‌మని లోపలికి కూలబడి పళ్లు అదిరేవి, అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే సైకిల్ వెనక సీటు నాకోసం కాచుకుని ఉంది కదా. ఒక శనివారం బాపు బియ్యం మూటతో, పచ్చడి సీసాతో నన్ను చూడటానికి వచ్చాడు. అడవి దారిలో పెద్ద దిగుడు ఒకటి ఉంది, దాని కింద చాయ్ హోటల్. బడి వదిలాక నేను వచ్చేది ఆ దారినే అని తెలిసి, బాపు హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాడు. నేను దిగుడు దిగుతున్నాను, నా ముందు బొగ్గు నింపుకున్న లారీ పోతోంది. లారీ ఉన్నట్టుండి ఆగింది. రెండు బ్రేకులూ నొక్కాను. బండి ముక్కు నేలకు వంగింది, ఫోర్కు గొట్టాలు మెలిపడ్డట్టు హ్యాండిలు నా చేతుల్లోంచి విదిలించుకుని పక్కకు తిరిగింది. బండి అడ్డంగా జారి లారీ వెనక చక్రం పక్కన ఆగింది. ఆ చక్రం బోల్టులు నా ముఖానికి ఎదురుగా ఉన్నాయి, వాటికి పట్టిన బొగ్గు మసి కూడా నాకు గుర్తుంది.

బాపు పరుగెత్తుకు రాలేదు. మెల్లగా నడిచి వచ్చి, బండి మీద చెయ్యి పెట్టి, "దసరా తాతీలు అయిపోయేటాల్లకు గీ బండి గీ దిగుడు మీదనే, నా కండ్ల ముందట, నిండు లారీ ఎనుక ఆగాలె. ఆగకపోతె నౌకరి ఒద్దు, ఏమొద్దు. ఇంటికొచ్చి కూసో" అన్నాడు. ఎప్పుడూ నాతో అంత గట్టిగా మాట్లాడని మనిషి. నేను సరేనన్నాను. ఆ బోల్టులను అంత దగ్గర చూశాక కాదని ఎలా అంటాను?

దసరా సెలవులకు బండితో సహా మానుకోటలో దిగాను. అత్త ఇంట్లో పొద్దు అంటే వరసగా కొన్ని వాసనలు. తెల్లవారుజామున కల్లాపి, ఆ తర్వాత కట్టెల పొయ్యి పొగ, ఆ మీదట ఆముదం. అత్తకు ఆముదం మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదేమో. తలకు ఆముదం, దీపానికి ఆముదం, పిల్లల కడుపునొప్పికి ఆముదం, తలుపు కిర్రుమంటే ఆముదం. బండి ముందు భాగం విప్పి పరిచిన రోజున ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని వచ్చి నిలబడింది. "ఏందిరా, దీనికి ఏం రోగం?" అంది. బావ ఫోర్కు గొట్టం ఒకటి తలకిందులు చేసి చూపించాడు. లోపల నూనె చుక్క లేదు, సీళ్లు పోయి ఎప్పుడో కారిపోయింది. "నూనె లేదే అవ్వా. ముందటి చక్రానికి నూనె లేకనే గిట్ల కూలబడ్డది" అన్నాడు. అత్త తల పంకించింది. ఆ మాట ఆమె మనసులో ఎంత లోతుకు దిగిందో మాకెవరికీ తెలియలేదు.

ఈసారి బావ నోరు తక్కువ చేసి పని ఎక్కువ చేశాడు. తన బండి నన్ను లారీ కిందికి తోయబోయిందన్న మాట అతన్ని లోపల తింటూనే ఉండాలి. పాత ఫోర్కులు తీసేసి, వాటికన్నా లావు గొట్టాలవి వేశాడు. లోపల బలమైన స్ప్రింగులు పెట్టి, అవి ముందే కొంత నొక్కుకుని ఉండేలా వాటి మీద పైపు ముక్కలు కోసి కూర్చాడు. కొత్త సీళ్లు వేసి చిక్కటి నూనె పోశాడు. గొట్టాలు రెండూ ఒకదానికొకటి మెలిపడకుండా మడ్‌గార్డు మీదుగా మందపాటి ఇనుప పట్టీ బిగించాడు. చక్రం ఇరుసును ఫోర్కు చివర కాస్త ముందుకు జరిపితే హ్యాండిలు తేలికవుతుందని ఎక్కడో విన్నాడట, అది కూడా చేశాడు. నిజంగానే చంటిపిల్ల తిప్పినా తిరిగేంత తేలికైంది. ఇక బ్రేకు. చిన్న డ్రమ్ము తీసి పెద్ద డ్రమ్ము ఉన్న చక్రం పెట్టాడు. లోపల డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపే రెండు బ్రేకు షూలకు లారీ లైనర్ గరుకు పట్టీలు కోసి, రివెట్లు కొట్టి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, చెక్కబల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "రేపు పండుగ. ఎల్లుండి ఎక్కిస్త. ఇగ నువ్వు ఆగమంటె గాలి సుత ఆగుతది" అన్నాడు. కొంచెం మెరుగయ్యాడనుకున్నాను గానీ నోరు నోరే.

దసరా నాడు పనిముట్టు పట్టకూడదు. పనిముట్టే ఆ రోజు దేవత. అత్త కోడికూత వేళకే లేచి, మేము లేవకముందే షెడ్డులోకి పోయి, కొడుకు సామాను ఒక్కొక్కటే పెరట్లోకి మోసి, కడిగి, తుడిచి, ఆముదం పట్టించి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి అమ్మవారి పటం ముందు వరసగా పేర్చింది. మేము లేచి చూసేసరికి సుత్తెలు, పానాలు, పట్టకార్లు, వాటి నడుమ బ్రేకు షూలు రెండూ నిగనిగలాడుతున్నాయి. అన్నింటికన్నా పెద్ద బొట్లు వాటికే పెట్టింది. నూనె లేక నా ప్రాణం మీదికి వచ్చిందని కొడుకే చెప్పాడు కదా. వాటికి మిగతావాటికన్నా రెండు పూతలు ఎక్కువే వేసి ఉంటుంది. ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకుని నేను దండం పెట్టుకున్నాను. సాయంత్రం జమ్మికి పోయి వచ్చి, ఆకు అత్త చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాను. "నీ బండికి ఇగ రందిలేదు బిడ్డా" అంది.

పండుగ తెల్లారి బావ బొట్లను గుడ్డతో తుడిచేసి షూలు ఎక్కించాడు. పండుగ నూనె పనిముట్ల మీద ఏటా చూసేదే కాబట్టి మెరుపు చూసి అనుమానం రాలేదు. రాత్రంతా లైనర్ నూనె తాగి ఉన్నదని అతనికి తోచలేదు. వాడకట్టులో ఒక చుట్టు తిప్పితే ముందు బ్రేకు మెత్తగా అనిపించింది. చెప్పాను. "కొత్త లైనర్లు. నాలుగు రోజులు రాసుకునేదాంక గట్లనే ఉంటయి" అన్నాడు. మెల్లగా పోతే వెనక బ్రేకుతోనే బండి ఆగుతోంది, కాబట్టి నేనూ నమ్మాను. ముందుగా జనగామ పోయి బాపుకు చూపించి, అటునుంచి భూపాలపల్లి పోదామనుకున్నాం. నేను బండి మీద, బావ వెనకాల తన మోపెడ్ మీద బయలుదేరాం.

పెద్దవంగర దాటేదాకా ఆ ప్రయాణం నా జీవితంలో మంచి ప్రయాణాల్లో ఒకటి. గుంతలు వచ్చినా ముందు చక్రం మింగేసి మళ్లీ మెల్లగా లేస్తోంది. హ్యాండిలు నా మాట వింటోంది. గొంతెత్తి పాడుకుంటూ కూడా పోయాను, మోటరు మోతలో ఎవరికి వినిపిస్తుందని. అప్పుడు వాగు వంతెన మీదికి దిగుడు వచ్చింది. వంతెన మీద ఎదురుగా వస్తున్న ఎడ్లబండి, దాని పక్కనుంచి దాటబోతున్న బస్సు, దారంతా నిండిపోయింది. ముందు బ్రేకు నొక్కాను. పిడి హ్యాండిలుకు ఆనేదాకా వచ్చింది గానీ బండి వేగం తగ్గలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ఎడమ చేత్తో వెనక పిడి లాగాను, వెనక చక్రాలు అరిచాయి, బండి కొంచెం ఊగింది, అంతే. దిగుడు నన్ను కిందికి లాక్కుపోతోంది. వెనకనుంచి బావ "నొక్కు, నొక్కు" అని అరవడం వినిపిస్తోంది. నొక్కడానికి ఇంకేమీ మిగల్లేదు. నేను అమ్మను తలుచుకోలేదు, దేవుణ్ణీ తలుచుకోలేదు. బాపు మాటే నిజమైందే అనుకున్నాను. చావుకన్నా ఆ ఆలోచనకే నాకు ఎక్కువ దుఃఖం వచ్చింది.

రోడ్డు సగం దాకా మక్కజొన్న గింజలు ఎండబోసి ఉన్నాయి. ఆ కాలంలో ఆ దారుల్లో ఎప్పుడూ ఉండేదే. మక్కల చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి, అవతల చివర సాయంత్రానికి ఎత్తిన కుప్ప. హ్యాండిలు అటు తిప్పాను. రాళ్లకు కొట్టుకున్నప్పుడు పాత ఫోర్కులైతే విరిగిపోయి ఉండేవి. కొత్తవి నిలిచాయి. మక్కల మీద చక్రాలు జారుతూ పోయి పోయి కుప్పలో దిగబడ్డాయి. నేను హ్యాండిలు మీదుగా ఎగిరి కుప్ప మీద బోర్లా పడ్డాను. మోచేతులు చీరుకుపోయాయి, కాలిపర్ కడ్డీ ఒకటి వంగింది. కాపలా ఉన్న పెద్దమ్మ చీపురు ఎత్తుకుని వచ్చింది. "నీ కండ్లు పోయినయా! ఆరు నెలల కష్టం మీదికి ఎక్కిస్తవా, నీ బండి మన్నువడ!" అంటూ వచ్చి, నా కాలు చూసి ఆగిపోయింది. చీపురు కింద పడేసి, "అయ్యో బిడ్డా" అంది. ఆమె తిట్టినంతసేపూ నేను బాగానే ఉన్నాను. తిట్టు ఆపగానే నాకు ఏడుపు వచ్చింది.

బావ అక్కడే రోడ్డు పక్కన కూర్చుని చక్రం విప్పాడు. డ్రమ్ము తెరవగానే ఆముదం వాసన వచ్చింది. వేడికి కాలిన ఆముదం. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. బావ షూల మీది నూనెను వేలితో తీసి చూసి, మట్టిలో తుడుచుకున్నాడు. తర్వాత, "అవ్వకు చెప్పొద్దు" అన్నాడు. చెప్పనన్నాను.

కానీ చెప్పించింది ఆమే. ట్రాక్టర్ డబ్బాలో బండిని వేసుకుని మానుకోట చేరేసరికి అత్త వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి, నా మోచేతులు చూసి, రెండు చెంపలూ వాయించుకుంది. "అమ్మవారే కాపాడింది బిడ్డా. పండుగనాడు దాని లోపలి సామానుకు మంచిగ నూనె వెట్టి మొక్కిన. గందుకే పానంతోని బయటపడ్డవు" అంది. బావకు ఇక ఆగలేదు. "గా నూనెతోనే సావబోయిందే అవ్వా! బ్రేకుకు నూనె రాస్తరా ఎవరన్న?" అని అరిచాడు. అత్త నా వైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగింది. అబద్ధం చెబుదామనుకున్నాను గానీ తల ఊపాను. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. పుణ్యం చేశాననుకున్న చేతులను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఇంత ప్రేమ నన్ను చంపబోయిందే అని భయం మాత్రం వేసింది. బాపు ప్రేమా అంతే, అత్త ప్రేమా అంతే, నన్ను తిన్నగా ఉండనిచ్చిన ప్రేమ ఒక్కటి లేదని లోలోపల మండిపోయాను కూడా.

కబురు ఎలా పోయిందో గానీ, మర్నాడు పొద్దున్నే బాపు దిగాడు. చెప్పులు కూడా విప్పలేదు. "సామాన్లు సదురుకో బిడ్డా, పోదాం" అన్నాడు. నేను నోరు తెరవకముందే అత్త ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. "తమ్మీ, దిగుడు మీద ఆగాలె అని కదా నువ్వన్నది? తాతీలు ఇంక అయిపోలేదు. ఆగకపోతె గప్పుడు తీస్కపో. ఆగమైంది బండితోని కాదు, నాతోని. మల్ల దిగుడు దిగిననాడు ఎనుక సీట్ల నేను కూసుంట" అంది. "నీకేమన్న పిచ్చా అక్కా? వయసు సూస్కున్నవా?" అన్నాడు బాపు. "నూనె రాసిననాడు నా వయసు యాడికి పోయింది?" అంది. చిన్నప్పుడు తనను చంకనేసుకుని తిరిగిన అక్క అంత మాట అనేసరికి బాపు చెప్పులు విప్పి కూర్చున్నాడు. బావ ఆ పూటే వరంగల్లు పోయి కొత్త లైనర్ తెచ్చాడు. డ్రమ్మును పెట్రోలుతో కడిగి, ఎండబెట్టి, మళ్లీ కడిగాడు. షూలు చేతికి అందకుండా దూలానికి కట్టి, పనికి కూర్చున్నప్పుడే దింపుకున్నాడు. పూర్తయ్యాక వీధిలో నన్ను బండి మీద కూర్చోబెట్టి, తాను పక్కన పరుగెత్తుతూ ఆపించి చూశాడు. ఈసారి ఒక్క గొప్ప మాట కూడా చెప్పలేదు. ఆ మౌనం చూసి నాకు ఇంకా భయమేసింది.

మొన్నటిదాకా నేను పనిచేసిన బడిలో చదువుకున్న పిల్ల ఒకతి, నాలాగే కాలు పడిపోయిన పిల్ల, ఇప్పుడు మూడు చక్రాల స్కూటర్ మీద కాలేజీకి పోతోంది. కంపెనీలోనే తయారై వచ్చిన బండి, మీట నొక్కితే మొదలవుతుంది, బ్రేకులన్నీ చేతిలోనే. ఫోర్కు అంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు, తెలియాల్సిన పని లేదు. చూస్తే సంతోషంగా ఉంటుంది, కొంచెం అసూయ కూడా. కానీ వాళ్ల నాన్న దారి పొడుగునా ఫోన్ చేస్తూనే ఉంటాడు. యాడున్నవు, చేరినవా, ఎందుకు ఎత్తలేదు. బ్రేకులు ఎంత మెరుగైనా ఇంట్లోవాళ్ల గుండె ఇంకా మా బాపు గుండె దగ్గరే ఆగింది. ఆ పిల్ల విసుక్కుంటుంది. విసుక్కోమనే చెబుతాను.

ఆ దసరా సెలవులు అయిపోయి బడి తెరిచే రోజు పొద్దున్నే ఆ అడవి దిగుడు మీదికి చేరాం. బావ ముందురోజే బండి నడుపుకుంటూ వచ్చాడు. మమ్మల్ని బస్సు దించింది, బాపు ఎప్పటిలాగే నడుము పట్టుకుని నన్ను ఎక్కించి, దించాడు. నా సంచిలో పుస్తకాలున్నాయి, గది ఖాళీ చేయాల్సివస్తే ఇవ్వడానికి తాళంచెవి కూడా ఉంది. బాపు కిందికి నడిచిపోయి హోటల్ ముందు నిలబడ్డాడు. నిండు లారీ ఒకటి మా పక్కనుంచి దాటి దిగడం మొదలుపెట్టగానే, ఆయన కిందనుంచి తువ్వాల ఊపాలని మాట. అత్త చీర కొంగు నడుముకు బిగించి వెనక సీట్లో కూర్చుంది. "దిగవే అవ్వా, నేను కూసుంట" అన్నాడు బావ. ఆమె అతని వైపు చూడను కూడా చూడలేదు. ఆమె చేతులు నా నడుము చుట్టూ లేవు, సీటు అంచు పట్టుకుని ఉన్నాయి. ఎందుకని అడిగితే, "నీకు అడ్డం రావద్దు" అంది.

లారీ దాటింది. తువ్వాల ఊగింది. దిగుడు మొదలైంది, బండి తనంతట తానే బరువెక్కింది. నాకు లారీ వెనక భాగం, దాని కింద కదిలే చక్రాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. వెనకనుంచి అత్త ఊపిరి వినిపిస్తోంది. సగం దిగుడులో, ఎదురుగా కాళేశ్వరం పోయే బస్సు మలుపు తిరిగి వచ్చింది, లారీ బ్రేకు వేసింది. ఆ ఎర్రదీపం వెలగగానే నా వేళ్లు కదల్లేదు. నిజంగానే కదల్లేదు. "నొక్కు బిడ్డా" అంది అత్త నా చెవిలో, ఉయ్యాల ఊపమన్నంత మెల్లగా. నొక్కాను. ముందు చక్రం పట్టింది. బండి ముక్కు కొంచెం వంగి, వంగినచోటే నిలబడింది, హ్యాండిలు నా చేతుల్లోనే ఉంది. అత్త నుదురు నా వీపుకు తగిలింది. లారీ వెనక తలుపు మీద రాసిన అక్షరాలు కుదురుగా చదువుకోగలిగినంత దూరంలో ఆగాం.

బాపు పైకి నడిచి వచ్చాడు. అత్త దిగలేదు. "ఒక్కసారి ఆగితె నేను నమ్మ. మల్ల పైకి ఎక్కియ్యి" అంది. ఎక్కించాం, దిగాం, ఆగాం. మళ్లీ ఎక్కించమంది. అప్పుడు బాపు వచ్చి బండి ముందు నిలబడి, వంగి, డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టాడు. కాలి ఉంటుంది, వెంటనే తీసేశాడు. తీసిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, నా వైపు కాకుండా అక్క వైపు చూశాడు.

"దిగు అక్కా. ఇంత దూరం వచ్చినం, కాళేశ్వరం పోయి గోదాట్ల మునిగి వద్దాం" అన్నాడు.

"మరి పిల్ల?" అంది అత్త.

"దానికి బడి లేదా? అది పోతది. మనం బస్సుకు పోదాం."

అత్త దిగింది. వాళ్లిద్దరూ బస్సు కోసం హోటల్ వైపు నడిచారు, అక్కడ కలిసే రెండు నదుల్లో ఏ నది నీళ్లు చల్లగా ఉంటాయో, ఎక్కడ దిగాలో మాట్లాడుకుంటూ. నేను బండిని గేరులో వేసి అడవి వైపు తిప్పాను. నన్ను ఎక్కడ దింపాలో, ఎప్పుడు తీసుకురావాలో ఎవరూ అడగలేదు. బడి చేరేదాకా ఏడుస్తూనే పోయాను. ఏడుస్తూ ఎంత బాగా నడిపానో చూడటానికి ఆ దారిలో ఎవరూ లేరు.